ఓఈటీ స్పీకింగ్: 22,000 కోచింగు, 600 ఫోను క్లాసు - రెండూ చూసినవాడి రివ్యూ

ఓఈటీ అంటే విదేశాల్లో పనిచెయ్యాలనుకునే నర్సులు, డాక్టర్ల లాంటివాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష. ఇది అందులో స్పీకింగ్ కోసం నేను వెళ్ళిన రెండు క్లాసుల రివ్యూ. ఒకటి పెద్ద కోచింగ్ సెంటర్: మూడు నెలలు, 22,000 రూపాయలు. రెండోది ఒక రిటైరైన టీచరమ్మ ఫోన్లో చెప్పే క్లాసు: గంటకి 600. సెంటర్ పేరు రాయడం లేదు. నా గొడవ ఆ ఒక్క సెంటర్‌తో కాదు, అక్కడ బట్టీ పట్టమని ఇచ్చినలాంటి కాగితాలే చాలాచోట్ల పంచుతున్నారని తోటివాళ్ళని అడిగాక తెలిసింది. ఇక టీచరమ్మ పేరు రాయొద్దని ఆవిడే అన్నారు. "నాకు బీపీ ఉంది నాయనా, ఫోన్లు ఎక్కువైతే పెరుగుతుంది" అని. క్లాసులో మాత్రం ఎవరైనా పేషెంట్‌ని 'డు యూ హావ్ బీపీ?' అని అడిగితే ఆవిడ ఊరుకోరు. "బతికున్న ప్రతివాడికీ ఉంటుంది. హై బ్లడ్ ప్రెషర్ అని అడుగు" అంటారు.

నేను డయాలిసిస్ నర్సుని. మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఉంటారు. చదువయ్యాక విశాఖలో ఏడేళ్ళుగా ఇదే పని. వార్డులో అందరూ 'బ్రదర్' అంటారు, మా ఊరి వైపు ముసలాళ్ళు మాత్రం 'బాబూ' అంటారు. ఒక్కో పేషెంటు వారానికి రెండుసార్లో మూడుసార్లో వస్తారు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద ఉంటారు, అలా ఏళ్ళ తరబడి. కాబట్టి పేషెంట్లతో మాట్లాడ్డంలో నాకు లోటేమీ లేదనుకున్నాను. అందుకే మొదటిసారి స్పీకింగ్‌లో 310 వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఓఈటీ అంటే ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్. ఆస్ట్రేలియాలో పుట్టిన పరీక్ష. నర్సులు, డాక్టర్లు, ఫిజియోలు, ఫార్మసిస్టులు, ఇలా 12 వృత్తులవాళ్ళు రాస్తారు, రైటింగ్, స్పీకింగ్ మాత్రం వృత్తిని బట్టి మారతాయి. లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్, ఒక్కోదానికి 500. స్పీకింగ్ అంటే పేషెంటుగా కూర్చునే మనిషితో మనం నర్సుగా మాట్లాడ్డం. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే స్పీకింగ్‌లో 350, అంటే బీ గ్రేడు కావాలి. రైటింగ్‌లో సీ ప్లస్ వచ్చినా ఒప్పుకుంటారు, స్పీకింగ్‌లో ఒప్పుకోరు. నాకు లిజనింగ్ 370, రీడింగ్ 350, రైటింగ్ 320. నోరు తెరిచి మాట్లాడాల్సిన దాంట్లోనే పోయింది. పరీక్ష ఫీజు నేను కట్టినప్పుడు 587 ఆస్ట్రేలియా డాలర్లు, మన లెక్కలో ముప్పై వేల పైనే. రెండుసార్లు కట్టాను.

కోచింగ్ సెంటర్ గురించి న్యాయంగా చెప్పాలంటే, రీడింగు, రైటింగు బాగానే చెప్పారు. డిశ్చార్జి లెటర్‌లో ఏది రాయాలో, ఏది వదిలెయ్యాలో అక్కడే నేర్చుకున్నాను. ఏసీ ఉంది, ప్రింటౌట్లు సరిగ్గా ఇచ్చారు. స్పీకింగ్ దగ్గరికొచ్చేసరికి ఒక కాగితం చేతిలో పెట్టారు. గుడ్ మార్నింగ్, మై నేమ్ ఈజ్ ఫలానా, ఐయామ్ ది నర్స్ ఆన్ డ్యూటీ టుడే, హౌ వుడ్ యూ లైక్ మీ టు అడ్రెస్ యూ, అక్కడ మొదలై 'ఐ కంప్లీట్లీ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్' మీదుగా 'థ్యాంక్యూ ఫర్ యువర్ కోఆపరేషన్' దాకా మొత్తం 32 వాక్యాలు. బట్టీ పట్టమన్నారు. బ్యాచ్‌లో దాదాపు 40 మందిమి. అందరం అదే పాఠం, అదే రాగం. మూడు నెలల్లో నాకు స్పీకింగ్ ప్రాక్టీసు రెండే రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ పేషెంటుగా కూర్చున్నది నా పక్క బెంచీ అబ్బాయి. వాడికీ అదే కాగితం కంఠతా వచ్చు కాబట్టి నేను ఏది ఎప్పుడు అడుగుతానో వాడికి ముందే తెలుసు. నేను అడక్కముందే జవాబు చెప్పేసేవాడు.

మా సీనియర్ సిస్టర్ ఒకావిడ బ్రిటన్ వెళ్ళేముందు ఈ టీచరమ్మ నంబరిచ్చారు. టీచరమ్మ అక్కడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, తిరిగొచ్చి ఇక్కడ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారట. మొదటిరోజు నమస్కారాలయ్యాక "నేను పేషెంట్‌ని, ఆపరేషన్ ముందురోజు అడ్మిట్ అయ్యాను, మొదలుపెట్టు" అన్నారు. నేను కాగితం అందుకున్నాను. పేరడిగాను, ఎలా ఉన్నారన్నాను. ఆవిడ చిన్నగా 'ఐ హావెంట్ బీన్ స్లీపింగ్ మచ్' అన్నారు. నేను 'ఓకే, వెరీ గుడ్. డు యూ హావ్ ఎనీ అలర్జీస్?' అన్నాను.

అవతల నిశ్శబ్దం. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"నిద్ర పట్టడం లేదని చెప్పాను నాయనా. వెరీ గుడ్ అన్నావు" అన్నారు.

మా ఆవిడ పక్క గదిలోంచి విని నవ్వడం మొదలుపెట్టింది. నాకు చెమటలు. అంతకుముందు పరీక్షలో ఎన్నిసార్లు 'వెరీ గుడ్' అని ఉంటానో అని అప్పుడు లెక్కేసుకున్నాను. తర్వాత ఆవిడ నా గొంతు రికార్డు పంపిస్తే విన్నాను. పదకొండు నిమిషాల్లో 'ఓకే' 43 సార్లు అన్నాను. నేనే కూర్చుని లెక్కపెట్టాను.

టీచరమ్మ రెండోరోజు క్లాసు గురించే నేను అసలు ఈ రివ్యూ రాస్తున్నది. "నిన్న నీ డ్యూటీలో ఏం జరిగింది చెప్పు" అన్నారు. మా ఊరి వైపు మామ్మ ఒకావిడ ఉంది, అరవై దాటింది. మెడ దగ్గర గొట్టం వేసి డయాలిసిస్ చేస్తున్నాం. ఎక్కువకాలం అలా ఉంచితే ఇన్ఫెక్షన్ వస్తుంది కాబట్టి చేతికి ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలు కలిపి కుట్టడం) పెట్టించుకోమని డాక్టరుగారు రెండు నెలలుగా చెప్తున్నారు, ఆవిడ వినడం లేదు. ముందురోజు నేను కూర్చుని మాట్లాడితే సరేనంది. అదే చెప్పాను.

"అయితే నేను ఆ మామ్మని. నువ్వు నువ్వే. తెలుగులోనే కానియ్యి" అన్నారు.

తెలుగులో ప్రాక్టీసు చేసి ఇంగ్లీషు పరీక్ష పాసవుతారా అని లోపల నవ్వుకున్నాను, 600 కట్టాను కదా అని కానిచ్చాను. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. "మామ్మా, డాక్టరుగారు చెయ్యి సంగతి చెప్పారు గదా, నీకు ఏటనిపించింది?" అన్నాను. ఆవిడ, అంటే అసలు మామ్మ, "ఏటనిపిస్తాది బాబూ, చెయ్యి పాడైపోతాదంట గదా. మా ఈదిలో ఒకాయనకి అలాగే ఉబ్బిపోనాది" అంది. "ఆయన్ని చూసి భయమేసిందా?" అన్నాను. "బయిం గాదు, కుడి సెయ్యి పోతే నాను జీడిపిక్కలెలాగ కొట్టుకుంతాను" అంది. అక్కడ తెలిసింది అసలు సంగతి. ఆవిడ భయం సూదీ కాదు, ఆపరేషనూ కాదు. జీడిపిక్కలు. "నీది కుడిచేతి వాటమా ఎడమా? కుడిదయితే మామూలుగా ఎడం చేతికే పెట్టడానికి చూస్తారు. డాక్టరుగారితో నేను కూడా చెప్తాను" అన్నాను. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాను: రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, వెంటనే వాడరు, గట్టిపడ్డానికి వారాలు పడుతుంది, దాని మీద చెయ్యి పెడితే గుయ్‌మని కొట్టుకుంటుంది, రోజూ పొద్దున్నే అది కొట్టుకుంటోందా లేదా చూసుకోవాలి, ఆ చేతికి బీపీ పట్టీ కట్టించుకోకూడదు, ఆ చేత్తో బరువులెత్తకూడదు. మధ్యలో "ఇంతవరకూ అర్థమైందా మామ్మా? ఏ చేతికి పట్టీ కట్టనివ్వకూడదన్నాను?" అని అడిగాను.

అంతా విని టీచరమ్మ, "నాయనా, నీకు ఇందులో ఫుల్ మార్కులు. ఇప్పుడు ఇదే ఇంగ్లీషులో చెయ్యి. కాగితం మర్చిపో" అన్నారు.

అప్పుడు మార్కులు ఎలా వేస్తారో వివరించారు. మూడు నెలల కోచింగ్‌లో ఈ సంగతి ఒక్కరూ నోరు విప్పి చెప్పలేదు. స్పీకింగ్‌లో మొత్తం తొమ్మిది అంశాలు చూస్తారు. నాలుగు భాషకి: ఉచ్చారణ అర్థమవుతోందా, ఆగకుండా సాఫీగా మాట్లాడుతున్నామా, ఎదుటివాడికి తగ్గ మాటలు వాడుతున్నామా, వ్యాకరణం. మిగతా అయిదూ మాట తీరుకి: పేషెంట్‌తో సంబంధం కలుపుకోవడం, అతని మనసులో ఏముందో తెలుసుకుని దాన్ని పట్టించుకోవడం, మాటకి ఒక వరస ఉండటం, సమాచారం రాబట్టడం, సమాచారం చెప్పడం. ఈ అయిదూ 2018 సెప్టెంబరు నుంచి చేర్చారట. వైద్యం ఎంత తెలుసో చూడరు. తప్పు మందు చెప్తే మార్కు పోతుందని నేను బెంగపడింది అనవసరంగానే. పేషెంటుగా కూర్చునే మనిషి మార్కులు వెయ్యరు, మాటలు రికార్డయి వేరేవాళ్ళకి వెళ్తాయి. ఆ పేషెంటు చేతిలో కూడా ఒక కార్డు ఉంటుంది. మనం అడిగితేనే అందులో ఉన్న జీడిపిక్కలు బయటికొస్తాయి. అడక్కుండా ఉపన్యాసం దంచితే అయిదు నిమిషాలూ అయిపోతాయి, ఆ కార్డు అలాగే ఉండిపోతుంది.

నేను మొదటిసారి చేసింది అదే. ఫిస్టులా మీద ఉపన్యాసం లాంటివి రెండు దంచి వచ్చాను.

ఇంగ్లీషులోకి దింపేటప్పుడు నాకు ఎక్కువ కష్టమైంది మర్యాద. తెలుగులో మనకి 'అండీ' ఉంది. 'చొక్కా పైకెత్తండి' అంటే ఎవరూ ఏమీ అనుకోరు, ఆ 'అండి'లోనే అన్నీ ఉన్నాయి. 'లిఫ్ట్ యువర్ షర్ట్' అంటే పోలీసు స్టేషన్లో ఉన్నట్టుంటుంది. ఆ లోటు పూడ్చడానికి మనవాళ్ళం ప్రతి వాక్యానికీ సర్, మేడమ్ తగిలిస్తాం. ఆవిడ దాన్ని కోసి పారేశారు. ఇంగ్లీషులో మర్యాదంటే అనుమతి అడగడమే అన్నారు. 'వుడ్ ఇట్ బీ ఆల్ రైట్ ఇఫ్ ఐ హాడ్ ఎ లుక్ ఎట్ యువర్ ఆర్మ్?' అని రోజుకి ఇరవైసార్లు అనిపించారు. మా ఆవిడని కాఫీ కూడా ఆ పద్ధతిలోనే అడిగాను ఒక వారం. వారమయ్యాక మామూలుగా అడగమంది.

ఇంకోటి 'ఏం కాదు, భయపడకండి'. మన వార్డుల్లో రోజుకి వందసార్లు అనే మాట. దాన్ని యథాతథంగా 'డోంట్ వర్రీ, నథింగ్ విల్ హ్యాపెన్' అని దింపితే, నీ భయం వినే ఓపిక నాకు లేదన్నట్టు వినిపిస్తుందట. పైగా ఏమీ జరగదని మనం ఎలా చెప్పగలం? ముందు 'ఐ కెన్ సీ దిస్ ఈజ్ వర్రీయింగ్ యూ' అని, ఆ వెంటనే 'వాట్ వర్రీస్ యూ మోస్ట్ అబౌట్ ఇట్?' అని అడగమన్నారు. ఈ విషయంలో ఆవిడతో కొంచెం వాదించాను. తెలుగులో 'ఏం కాదు' అంటే మామ్మకి నిజంగానే ధైర్యం వస్తుంది, అది నేను కళ్ళారా చూశాను. "అది నువ్వు వారం వారం చూస్తున్న మామ్మ కాబట్టి. పరీక్షలో పేషెంటుకి నువ్వు అయిదు నిమిషాల పరిచయం" అన్నారు. ఒప్పుకున్నాను, సగం.

ఉచ్చారణ దగ్గర యాస మార్చుకోమని అనలేదు, అది నాకు నచ్చింది. మనం చేసే రెండు పనులే పట్టుకున్నారు. ఒకటి, ప్రతి మాటకీ చివర 'ఉ' తగిలించడం: బెడ్డు, వార్డు, టాబ్లెట్టు. తెలుగులో అందం, ఇంగ్లీషులో వినేవాడికి తికమక. రెండోది మనకి లేని ఆ 'జడ్' శబ్దం. డిజీ, వీజింగ్, నాజియా అని మామూలు 'జ'తో అనేస్తాం. పళ్ళ మధ్య తేనెటీగ ఉన్నట్టు పలకమన్నారు. స్నానాల గదిలో తేనెటీగలా పదిరోజులు సాధన చేశాను. 'వూండ్' అనాల్సిన గాయాన్ని ఏడేళ్ళుగా 'వౌండ్' అంటున్నానని కూడా అప్పుడే తెలిసింది, మా వార్డులో డాక్టర్లతో సహా అందరమూ.

ఇక లోపాలు. ఇవి ఆవిడకీ చెప్పాను, కాబట్టి వెనక మాట్లాడినట్టు కాదు.

టైముకి ఫోను రాదు. సాయంత్రం ఆరన్నారంటే ఆరున్నర, ఒకసారి ఏడూ ఇరవై. నైట్ డ్యూటీ ఉన్నరోజు అలా కూర్చోవడం నరకం. ఎనిమిది క్లాసుల్లో రెండు ఆఖరి నిమిషంలో వాయిదా పడ్డాయి, ఒకసారి మనవడి పుట్టినరోజుకి. మెటీరియల్ ఏమీ ఇవ్వరు. ఓఈటీ వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్న శాంపిల్ కార్డులు, మార్కుల కొలమానం మీరే దించుకోండి అంటారు. అవి నిజంగా బాగున్నాయి, నేను కోచింగ్‌లో చేరకముందే చదివి ఉంటే చాలా డబ్బు మిగిలేది. రైటింగ్ గురించి అడిగితే నాకు రాదు పొమ్మంటారు. రసీదు ఉండదు. నోరు కూడా కొంచెం కటువు. నాతోపాటు చేరిన మా జూనియర్ సిస్టర్ రెండో క్లాసుకే ఏడ్చి మానేసింది. ఆ పిల్లకి మెత్తగా చెప్పేవాళ్ళు కావాలి, అది తప్పేమీ కాదు. వీడియో వాడరు, అంతా ఫోన్లోనే. ముఖం కనపడకుండా గొంతుతోనే సానుభూతి తెలియాలి అంటారు. నాకది పనికొచ్చింది గానీ నా రెండో పరీక్షలో స్పీకింగ్ వీడియో కాల్‌లో జరిగింది. మొదటి అర నిమిషం కెమెరా వైపు చూడాలో, స్క్రీన్‌లో మనిషిని చూడాలో తెలియక తడబడ్డాను. ఒక్క క్లాసైనా వీడియోలో పెట్టి ఉంటే బాగుండేది.

పరీక్షరోజు ఏ కార్డులు వచ్చాయని అడగకండి, బయట చెప్పకూడదు. మిగతాది చెప్తాను. మొత్తం ఇరవై నిమిషాలు. మొదట మన పని గురించి కాసేపు మాట్లాడిస్తారు, దానికి మార్కుల్లేవు. తర్వాత రెండు రోల్‌ప్లేలు. ఒక్కోదానికి కార్డు చదువుకోడానికి మూడు నిమిషాలు, మాట్లాడ్డానికి సుమారు అయిదు. అయిదు నిమిషాలు కాగానే ఆపేస్తారు, వాక్యం మధ్యలో ఉన్నా సరే. రెండో కార్డులో నాకు ఒక పాయింటు మిగిలిపోయింది. పాత నేనైతే దాన్ని కుక్కెయ్యడానికి చివర పరుగెత్తేవాణ్ణి. అప్పుడే పేషెంటు ఏదో చెప్పబోతుంటే ఆగి విన్నాను. పాయింటు అలాగే ఉండిపోయింది. బయటికొచ్చాక టెన్షన్‌తో టీచరమ్మకి ఫోన్ చేస్తే "విన్నావు కదా, అది చాలు, వెళ్ళి ఏదైనా తిను" అని పెట్టేశారు. ఆ ఒక్క ఫోనుకి మాత్రం మొదటి రింగుకే ఎత్తారు.

స్పీకింగ్ 380 వచ్చింది. మిగతావి కూడా దాటాయి.

ఎవరికి పనికొస్తుందంటే: వార్డులో నాలుగైదేళ్ళు పనిచేసి, ఇంగ్లీషు అర్థమవుతూ, నోరు తెరిస్తే మాత్రం కాగితం చదివినట్టు వచ్చేవాళ్ళకి. కాలేజీ నుంచి అప్పుడే వచ్చినవాళ్ళకి, అసలు ఇంగ్లీషు వాక్యమే కష్టమైనవాళ్ళకి కాదు, ఆవిడ దగ్గర వ్యాకరణం చెప్పించుకునే ఓపిక ఇద్దరికీ ఉండదు. వాళ్ళు ముందు ఏదైనా మామూలు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరడం నయం. ఎనిమిది క్లాసులకి నాకు 4,800 అయింది. నాలుగో క్లాసుకే దారి తెలిసిపోయింది, మిగతా నాలుగూ భయానికి తీసుకున్నాను. కోచింగ్ సెంటర్‌కి అయిదులో రెండు, ఆ రెండూ రైటింగ్ సార్‌కి. టీచరమ్మకి నాలుగు. ఒకటి తగ్గించింది ఆ ఏడూ ఇరవైకి.

నంబర్ కావాలని మెసేజ్‌లు పెట్టకండి, ఇవ్వను. మీ ఆస్పత్రిలో బయటికి వెళ్తున్న సీనియర్లని అడగండి, ఎవరో ఒకరి దగ్గర ఇలాంటివాళ్ళ నంబరు ఉంటుంది. చేరేముందు ఒక్కటి అడగండి: మొదటి క్లాసులో పేషెంటుగా ఎవరు కూర్చుంటారు, మీరా, పక్క బెంచీ అబ్బాయా?

మామ్మకి పోయిన నెల ఎడం చేతికి ఫిస్టులా పెట్టారు. రోజూ పొద్దున్నే దాని మీద చెయ్యేసి చూసుకుంటోందట. డయాలిసిస్‌కి వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టి, "కొట్టుకుంతంది గదా బాబూ?" అని అడుగుతోంది.